పలచటి గాలి

అత్తయ్యను మంచం మీంచి లేపడానికి ఒక పద్ధతుంది. ముందు ఆమె కాళ్ళు రెండూ కిందికి దింపి, నా మోకాళ్ళతో ఆమె మోకాళ్ళను అదిమిపెట్టాలి. ఆమె చేతులు నా మెడ చుట్టూ వేసుకోవాలి. నా చేతులు ఆమె చంకల కిందుగా పోనిచ్చి వీపు మీద ఒకదాన్నొకటి పట్టుకోవాలి. "ఊఁ" అనగానే ఇద్దరం ఒకేసారి లేవాలి. లేచాక ఆమె కాళ్ళకు నేల అలవాటయ్యేదాకా అలాగే నిలబడాలి. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో మా అత్తయ్యా నేనూ కావలించుకున్నది ఆమెకు పక్షవాతం వచ్చాకే. అదీ రోజుకు చాలాసార్లు.

ఆ రోజు ఉదయం "ఊఁ" అన్నాను. ఆమె లేవబోయింది, నేను పూర్తిగా లేవలేకపోయాను. సగం దూరం వచ్చాక నా తొడలు వణికాయి, ఆ తర్వాత అవి అక్కడ లేనట్టే అయిపోయాయి. ఇద్దరం నెమ్మదిగా, గోడ వెంట జారినట్టు, నేల మీదికి జారిపోయాం. దెబ్బలేమీ తగల్లేదు. అత్తయ్య నా ఒళ్ళో కూర్చుని ఉంది. "ఇదేంటమ్మాయ్, నేను పడితే నువ్వు పట్టుకోవాలి గానీ నువ్వు కూడా పడతావేంటి?" అంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత లేద్దామని చూస్తే లేవలేకపోయాను, అప్పుడు నవ్వు పోయింది.

మా ఆయన జిమ్ము నుంచి వచ్చేదాకా అలాగే ఉన్నాం. రిటైరయ్యాక ఆయన జిమ్ములో చేరారు. రోజూ పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళి, ఇనుప బరువులెత్తి, చెమటలు కక్కుతూ వచ్చి, సీసాలో ఏదో పొడి కలుపుకుని గిలక్కొట్టి తాగుతారు. వయసు మీద పడకుండా కండ కాపాడుకోవాలట. తలుపు తీసి మమ్మల్ని చూసి, "ఫోన్ చేయొచ్చుగా!" అన్నారు. ఫోను వంటగదిలో ఉందండీ అన్నాను. ఇద్దర్నీ లేపి కూర్చోబెట్టాక, "షుగర్ పెరిగుంటుంది. నోరు కట్టుకోమంటే వింటేగా" అన్నారు.

షుగర్ పెరిగిన మాట నిజమే. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కాగితం చూసి, నా వైపు చూడకుండానే "నడవాలమ్మా" అన్నారు. నేను రోజంతా నడుస్తూనే ఉంటానండీ అన్నాను. నేను పనిచేసేది ఆ ఆస్పత్రిలోనే, కింది అంతస్తులో దుప్పట్ల గదిలో. ఉతికి ఆరి, ఇంకా వేడిగా ఉన్న దుప్పట్లను ఇద్దరిద్దరం చెరో కొస పట్టుకుని మడతపెట్టి, బండ్లలో పేర్చి, వార్డు వార్డుకూ తోసుకెళ్తాం. ఆయన అప్పుడు తలెత్తి, పిల్లలకు చెప్పినట్టు చెప్పారు: "అది పనమ్మా. నేను చెప్పేది నడక."

బయటికొచ్చాక ఆ మాటే ఆలోచించాను. నేను చేసేది ఇంట్లో అయితే పని కాదు, ఆస్పత్రిలో అయితే నడక కాదు. మా సూపర్‌వైజరు నేను చేరిన కొత్తలో "మీకిదేం కొత్త? ఇంట్లో చేసే పనేగా, ఇక్కడ జీతమిచ్చి మరీ చేయిస్తున్నాం" అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయనకు నా ఉద్యోగం "కాలక్షేపం". ఆడపడుచుకు నా ఇంటిపని "ఒదిన ఓపిక". ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు గానీ పని అని ఎవరూ అనలేదు. ఇన్నాళ్ళకు ఒక డాక్టరు పనమ్మా అంటే, అదీ వద్దనడానికే అన్నారు. మధ్యాహ్నం విరామంలో నేను రెండు వీధులు దాటి ఇంటికి పరుగెత్తుతాను. అత్తయ్యను కుర్చీలోంచి లేపి, బాత్‌రూముకు తీసుకెళ్ళి, మళ్ళీ మంచం మీదికి చేరుస్తాను. మా ఆయన ఇంట్లోనే ఉంటారు. ఆమెకు కంచం అందిస్తారు, టీవీ గొంతు తగ్గిస్తారు, "అమ్మ నీ కోసం చూస్తోంది" అని నాతో చెబుతారు. నేను మళ్ళీ పరుగెత్తి వచ్చేసరికి విరామం అయిపోయి ఉంటుంది.

లిఫ్టు పక్కన గోడకు అంటించిన ప్రకటన నాకు చూపించింది మా మడతక్క. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముడత లేకుండా దుప్పటి మడతపెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. "షుగరున్నవాళ్ళు కావాలంట. పై అంతస్తులో ఏదో గాలిగది కట్టారు. వెళ్ళి అడుగు, పోయేదేముంది?" అంది.

పై అంతస్తులో నన్ను కూర్చోబెట్టి మాట్లాడినావిడ నాకంటే చాలా చిన్నది. పొట్టి జుట్టు, కళ్ళజోడు, చొక్కా జేబులో సిరా మరక. నేను మనసులో ఆమెకు గాలి డాక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది.

"ఎత్తయిన కొండల మీద గాలిలో ఆక్సిజన్ తక్కువ అందుతుందండీ. అలాంటి గాలిని ఈ గదిలో తయారుచేస్తాం. మామూలుగా ఇన్సులిన్ వచ్చి తడితేనే కండ తలుపు తెరిచి చక్కెరను లోపలికి రానిస్తుంది. మీకు ఆ తలుపు బిగుసుకుపోయింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కండ ఇంకో దోవన చక్కెరను లాక్కుంటుందని కొన్ని పరీక్షల్లో కనిపించింది."

"అంటే షుగర్ తగ్గుతుందా?"

"తగ్గొచ్చు. ఒక్కోసారి మొదట్లో పెరగనూవచ్చు. ఎంత పలచటి గాలి, ఎంతసేపు అయితే మేలో ఇంకా తెలీదు. పైగా అలాంటి గాలిలో ఎక్కువకాలం ఉన్నవాళ్ళకు కండ కరుగుతుంది. కొండలెక్కి దిగినవాళ్ళ తొడలు సన్నబడతాయి. అందుకే మీ రక్తంతో పాటు మీ తొడలు కూడా కొలుస్తాం. ఇబ్బందిగా అనిపిస్తే ఏ రోజైనా మానేయొచ్చు, ఎందుకని అడగం."

ఎందుకని అడగం అన్న మాట దగ్గరే నేను ఒప్పేసుకున్నాననుకుంటాను.

ఇంట్లో చెబితే మా ఆయన పకపకా నవ్వారు. "వాళ్ళకి ఎలుకలు దొరకలేదా? డ్యూటీ అయ్యాక గాలిలేని గదిలో కూర్చుంటావా? ఇంట్లో ఇంత గాలుంటే!" లోపలి నుంచి అత్తయ్య, "సాయంత్రం నన్నెవరు లేపుతారు మరి?" అంది. కాస్త ముందే లేపేసి వెళ్తానత్తయ్యా, వచ్చాక మళ్ళీ లేపుతాను అన్నాను. అలా ఆ కొత్త పని నా పాత పనుల మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది. ఇంకో రెండుసార్లు పరుగెత్తడం, అంతే.

గదికి ఒకవైపు గోడంతా అద్దం. లోపల ఒక కుర్చీ, నెమ్మదిగా కదిలే నడకపట్టీ, పైన ఎక్కడో సన్నగా హోరు. వేలికి ఒక క్లిప్పు తగిలించారు. ఫోను బయట పెట్టించారు. మొదటి రోజు కాసేపటికి తల కొద్దిగా బరువెక్కింది. మెట్లెక్కి వచ్చినట్టు ఊపిరి తొందరపడింది, తర్వాత దానికదే సర్దుకుంది. పట్టీ మీద నడిచాను. ఇది నడకేనని ఈసారి ఎవరూ కాదనరు. తర్వాత కూర్చున్నాను. అద్దం అవతలి నుంచి గాలి డాక్టరమ్మ మైకులో "ఎలా ఉంది?" అంది.

మా ఇంట్లో నన్నడిగే ప్రశ్నలన్నీ "ఎక్కడుంది?" అనే. తువ్వాలు ఎక్కడుంది, మాత్రల డబ్బా ఎక్కడుంది, రిమోటు ఎక్కడుంది. నేనే ఎక్కడున్నానని కూడా అడుగుతారు, ఏదో ఒకటి వెతికిపెట్టడానికి. ఎలా ఉంది అని అడిగితే, కూర గురించి అడుగుతున్నారా అనుకుంటాను. ఆమె నా గురించే అడుగుతోందని అర్థమయ్యాక, బాగానే ఉందండీ అన్నాను. ఆమె ఊరుకోలేదు. "బాగానే అంటే? తల నొప్పిగా ఉందా, కాళ్ళు బరువుగా ఉన్నాయా, మామూలుగా ఉన్నాయా?" నేను కళ్ళు మూసుకుని, లోపల ఒక్కో చోటికీ వెళ్ళి చూసుకుని వచ్చి చెప్పాల్సివచ్చింది. చాన్నాళ్ళు తాళం వేసిన ఇంట్లో గది గదికీ తిరిగినట్టుంది. తొడల దగ్గరికి వచ్చేసరికి, అవి ఎప్పుడూ నొప్పిగానే ఉంటాయని, నొప్పి అనడం మానేశానని తెలిసింది. అక్కడ గాలి తక్కువే. కానీ అంత తీరిగ్గా నేను ఊపిరి పీల్చుకుని ఎన్నేళ్ళయిందో!

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు గదిలోకి పంపే ముందు తొడ మీద చల్లటి జిగురు రాసి, ఒక పరికరం ఆనించి చూశారు. తెర మీద బూడిదరంగు గీతలు కనిపించాయి. గాలి డాక్టరమ్మ వాటిని ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి లాక్కుంది.

"షుగర్ కొంచెం దిగింది. కానీ మీ కండ తగ్గింది. మిగతావాళ్ళెవరికీ ఇంత తగ్గలేదు. నిన్న ఏం తిన్నారు?"

గుర్తురాలేదు. దాచడానికి కాదు, నిజంగానే గుర్తురాలేదు. పొద్దున టీ తాగాను. మధ్యాహ్నం ఇంటికెళ్ళాను, తినడానికి టైం లేదు. గదికి వచ్చేముందు మడతక్క ఇచ్చిన బిస్కెట్లు. రాత్రి అందరూ తిన్నాక ఏది మిగిలితే అది. అలా చెబుతుంటే, రోజూ జరిగేదే అయినా, ఎవరో పరాయి మనిషి గురించి చాడీ చెబుతున్నట్టుగా ఉంది.

"బరువులేమైనా ఎత్తుతారా?"

అత్తయ్యను ఎలా లేపుతానో చెప్పాను. రోజుకు ఎన్నిసార్లని అడిగితే లెక్కపెట్టలేదన్నాను.

ఆమె కోప్పడలేదు. జాలి కూడా పడలేదు, అది నాకు నచ్చింది. "చూడండి, ఒంట్లో చక్కెరకు పెద్ద కొట్టు కండే. ఆ కొట్టే చిన్నదైపోతే చక్కెర ఎక్కడికి పోతుంది? బరువులెత్తితే కండ పెరగాలి, కానీ తిండీ విశ్రాంతీ లేకుండా ఎత్తితే అరిగిపోతుంది. దానికి తోడు ఈ గాలి. ఇలాగైతే మిమ్మల్ని లోపలికి పంపడం నాకు ఇష్టం లేదండీ. పంపాలంటే, వేళకు సరిగ్గా తినాలి. గుడ్డో, పాలో, ఏదో ఒకటి. పెద్దావిణ్ణి మీరొక్కరే ఎత్తకూడదు. ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారండీ."

"వాళ్ళు ఎత్తలేరా? ఏమైనా అనారోగ్యమా?"

"లేదండీ. రోజూ జిమ్ముకెళ్ళి బరువులెత్తుతారు."

ఆమె చప్పున తెర వైపు తిరిగి ఏదో చూస్తున్నట్టు నటించింది. భుజాలు కదులుతున్నాయి. నాకూ నవ్వాగలేదు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. నవ్వుతుంటే నా కళ్ళెందుకు తడిశాయో ఆమె అడగలేదు. ఎందుకని అడగమని ముందే చెప్పింది కదా.

ఆ రోజు నన్ను గదిలోకి పంపలేదు. రోజూకంటే ముందుగా బయటపడి, ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని రెండు ఉడికిన గుడ్లు, ఒక రొట్టె తిన్నాను. నిదానంగా, ఉప్పు చల్లుకుని మరీ తిన్నాను. ఇంటికెళ్ళాక మా ఆయనతో అన్నాను, "రేపట్నించి అత్తయ్యను మీరు లేపాలి."

"నేనా?" అన్నారు. "ఆడమనిషి కదే, నేనెలా..."

"బాత్‌రూములో పని నేను చూసుకుంటాను. నేను లేనప్పుడు పక్కింటి నర్సమ్మ వస్తానంది, వచ్చేటప్పుడే మాట్లాడాను. లేపడం, కూర్చోబెట్టడం మాత్రం మీరే."

"నాకు నడుం పట్టేస్తే?"

"నడుంతో లేపకూడదండీ. తొడలతో లేపాలి. మీ తొడలు బాగున్నాయి."

ఇది ఎత్తిపొడుపనుకున్నారో, మెచ్చుకోలనుకున్నారో, అయోమయంగా చూశారు. లోపలి నుంచి అత్తయ్య అందుకుంది. "వాణ్ణెందుకే కష్టపెడతావు? ఇన్నాళ్ళూ నువ్వే చేశావుగా!"

"చేశానత్తయ్యా. ఇప్పుడు నావల్ల కాదు."

నావల్ల కాదు. ఈ మాట నోట్లోంచి ఇంత తేలిగ్గా వస్తుందని నాకు తెలీదు. అరవలేదు, ఏడవలేదు. కిటికీ మూసినంత మామూలుగా అన్నాను. టీవీలో వార్తలు వస్తూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆయన జిమ్ము బ్యాగు భుజాన వేసుకునేసరికి నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను. బ్యాగు కింద పెట్టారు. మోకాళ్ళు ఎక్కడ ఆనించాలో, చేతులు ఎలా పోనివ్వాలో చెప్పాను. మొదటిసారి ఆమెను ఇనుప కడ్డీని లాగినట్టు లాగారు. "అబ్బా! మెల్లిగారా!" అని అత్తయ్య కేక పెట్టింది. రెండోసారి అమ్మా కొడుకూ ఒకరి మీదొకరు వాలిపోయారు. మూడోసారి లేచింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆమె ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, కాళ్ళకు నేల అలవాటు కావడం కోసం నిలబడింది. అంత దగ్గరగా కొడుకు తల చూసి ఎన్నేళ్ళయిందో మరి, బాగున్న చేత్తో ఆయన నడినెత్తిని తడుముతూ, "జుట్టు ఇంత పలచబడిందేంట్రా నీకు?" అంది.

ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డారు. ఆ రోజు జిమ్ముకు వెళ్ళలేదు. నేను వంటగదిలోకి వెళ్ళి, గ్యాసు ముందు నిలబడి కాకుండా, కుర్చీ లాక్కుని కూర్చుని తిన్నాను.

అంతటితో మా ఇల్లు మారిపోయిందని చెబితే అబద్ధం. ఆయన చాలాసార్లు మరిచిపోయారు, కొన్నిసార్లు మరిచిపోయినట్టు నటించారు. "నువ్వొచ్చాక చూద్దాంలే" అని అత్తయ్యను మంచం మీదే ఉంచేసిన రోజులున్నాయి. అలాంటప్పుడు నాకు పరుగెత్తి వెళ్ళి లేపేయాలనిపించేది, చేతులు వాటంతటవే ముందుకు పోయేవి. మంచం దగ్గర కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన వచ్చేదాకా అత్తయ్యతో కబుర్లు చెబుతూ ఉండిపోవడం నేను జీవితంలో నేర్చుకున్న అన్ని పనుల్లోకీ కష్టమైనది. అత్తయ్య మొదట్లో ముఖం తిప్పుకునేది. తర్వాత్తర్వాత, "వాడు నీలాగా కాదే, గట్టిగా పట్టుకుంటాడు. పడిపోతానన్న భయముండదు" అనసాగింది. ఆ మాట నాకు గుచ్చుకుంది కూడా, ఎందుకు అబద్ధమాడాలి? ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు మా ఆయన హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, "అమ్మను నేనే లేపుతున్నా. అంతా నేనే చూసుకుంటున్నా" అని చెప్పేవారు. స్పీకరులో ఆమె గొంతు వినిపించేది: "నీలాంటి కొడుకు ఎవరికుంటాడు అన్నయ్యా!" ఇన్నేళ్ళూ నా గురించి ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు. పోనీలే, ఆ పేరు ఆయన్నే ఉంచుకోనిచ్చాను. నాకు నా తొడలు చాలు.

మళ్ళీ గదిలోకి వెళ్ళసాగాను. మధ్యాహ్నం విరామంలో ఇంటికి పరుగు మానేసి, మడతక్క పక్కన కూర్చుని డబ్బా తెరిచి తినేదాన్ని. "నువ్వు నమలడం ఇప్పుడే చూస్తున్నా" అందావిడ ఒకరోజు. పై అంతస్తుకు లిఫ్టులో కాకుండా మెట్ల మీద వెళ్ళడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. గదిలో పలచటి గాలి పీల్చుకుంటూ, "ఎలా ఉంది?" అంటే ఇప్పుడు కళ్ళు మూసుకోకుండానే చెప్పగలిగేదాన్ని. కాళ్ళు బాగున్నాయి. ఆకలిగా ఉంది. ఈ రోజు విసుగ్గా ఉంది, ఎందుకో తర్వాత చెబుతాను.

పరీక్షలన్నీ ముగిశాక గాలి డాక్టరమ్మ నన్ను పిలిచింది. తెర మీద నా షుగర్ గీత కిందికి దిగి ఉంది. తొడ బొమ్మలు రెండూ పక్కపక్కనే పెట్టి చూపించింది. కొత్త దాంట్లో కండ మందంగా, నాకే తేడా తెలిసేంతగా ఉంది. నేను సంతోషంగా ఆమె వైపు చూశాను. ఆమె మాత్రం కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటోంది.

"మీకు ఒక మాట చెప్పాలండీ. మీ ఫలితాలు మా లెక్కలోకి తీసుకోవడం కుదరదు."

"నేనేమైనా తప్పు చేశానా?"

"అయ్యో, లేదు. కానీ మధ్యలో మీకు చాలా మారిపోయాయి. తిండి మారింది, బరువులెత్తడం ఆగింది, నిద్ర కూడా బాగా పడుతోందన్నారు. ఇందులో పలచటి గాలి చేసిందెంత, గుడ్లు చేసిందెంత, మీ ఇంటాయన చేసిందెంత, విడదీసి చెప్పలేం. మారమని చెప్పింది నేనే, మీ ఆరోగ్యం చూస్తూ చెప్పకుండా ఉండలేకపోయాను. ఇన్నాళ్ళూ కష్టపడి వచ్చారు. మీ అంకెలు మాకు పనికిరావు. సారీ అండీ."

ఆమె నిజంగానే బాధపడుతోంది. నేనూ బాధపడతానేమోనని నా ముఖంలోకి చూస్తోంది. ఆమెను ఓదార్చాలనిపించింది. నా వంట ఇంటికి పనికొచ్చింది, నా నడుం అత్తయ్యకు పనికొచ్చింది, నా జీతం మా ఆయన రిటైర్మెంటుకు పనికొచ్చింది, నా చేతులు ఎవరివో తెలియని రోగుల దుప్పట్లకు పనికొచ్చాయి. ఈ తెర మీదున్న బొమ్మ, గట్టిపడిన నా తొడ, దిగిన నా గీత, వీటితో ఎవరికీ ఏ పనీ లేదు.

"పరవాలేదు డాక్టరమ్మా," అన్నాను లేస్తూ. "ఎవరికీ పనికిరాని మంచి నాకు జరగడం ఇదే మొదటిసారి."